అమెరికాలో పిల్లల కాలేజీ ఖర్చు: ఫాఫ్సా నింపడం దగ్గర్నుంచి లోన్ తీర్చేదాకా

ఫ్రిస్కోలో అయినా ఎడిసన్‌లో అయినా మన కుటుంబాల్లో ఫాఫ్సా (కాలేజీ చదువుకు ఫెడరల్ సాయం కోరుతూ నింపే ఫారం) మాట ఎత్తితే వచ్చే జవాబు ఒకటే: "ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, మాకేం వస్తుందండీ?" తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ వరకైతే ఆ మాట చాలావరకు నిజమే. కానీ ఫాఫ్సా గ్రాంట్ కోసమే కాదు. కోసైనర్ (పూచీదారు) లేకుండా, క్రెడిట్ స్కోర్ అడక్కుండా, తల్లిదండ్రుల జీతం ఎంతున్నా సరే, పిల్లల పేరు మీద దొరికే ఫెడరల్ లోన్‌కు దారి ఆ ఫారం ఒక్కటే. చాలా రాష్ట్రాలు, కాలేజీలు తమ సొంత సాయం ఇవ్వాలన్నా దాన్నే చూస్తాయి.

ఈ వ్యవస్థకు పునాది 1965లో పడింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సస్‌లోని శాన్ మార్కస్‌లో, తాను చదువుకున్న కాలేజీలోనే హయ్యర్ ఎడ్యుకేషన్ యాక్ట్ మీద సంతకం చేశారు. పెల్ గ్రాంట్‌కు మూలం 1972లో వచ్చింది. ఇప్పుడు మనల్ని నేరుగా తాకేది మాత్రం 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం. తల్లిదండ్రులు ఎంత అప్పు చేయొచ్చు, మాస్టర్స్‌కి ఎంత, మెడిసిన్‌కి ఎంత, తిరిగి ఎలా కట్టాలి అన్న లెక్కలన్నీ 2026 జూలై 1తో మారిపోయేలా అందులో రాశారు.

నా మాట ముందే చెప్పేస్తాను. అప్పు తప్పదనుకుంటే మొదట పిల్లల పేరు మీద ఫెడరల్ లోన్, ఆ తర్వాతే తల్లిదండ్రుల పేరు మీద, అన్నిటికన్నా చివర ప్రైవేటు లోన్. మన ఇళ్లలో ఇది తలకిందులుగా నడుస్తుంది. పిల్లల నెత్తిన అప్పు పడకూడదని నాన్నే ముందు సంతకం పెట్టేస్తాడు. అది ప్రేమే, కాదనను. కానీ ఖరీదైన ప్రేమ.

1. ముందు అర్హత తేల్చుకోండి

ఫెడరల్ సాయానికి చూసేది విద్యార్థి హోదాని, తల్లిదండ్రుల వీసాని కాదు. అమ్మానాన్నలు హెచ్-1బీ మీద ఉన్నా, పిల్లవాడు ఇక్కడే పుట్టి ఉంటే పూర్తి అర్హత ఉంటుంది. గ్రీన్ కార్డ్ ఉన్న పిల్లలకూ అంతే. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు, ఇండియా నుంచి ఎఫ్-1 మీద వచ్చినవారికి ఫెడరల్ గ్రాంట్లు, లోన్లు రావు. ఒకే ఇంట్లో హైదరాబాద్‌లో పుట్టిన అక్కకి రాక, డాలస్‌లో పుట్టిన తమ్ముడికి వచ్చే పరిస్థితి ఇందుకే. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ మన కుటుంబాల్లో ఇది అరుదేం కాదు. హెచ్-4 పిల్లలు రాష్ట్ర నివాసుల ఫీజు వర్తిస్తుందా, కాలేజీ తన సొంత స్కాలర్‌షిప్ ఇస్తుందా అన్నవి విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఇంకో అపోహ ఉంది. పిల్లవాడు వేరే ఊళ్లో ఉంటూ సొంతంగా ట్యాక్స్ ఫైల్ చేస్తే తల్లిదండ్రుల ఆదాయం చూపక్కర్లేదని కొందరు అనుకుంటారు. అలా కుదరదు. అండర్‌గ్రాడ్‌లో పెళ్లి, సైనిక సేవ, సొంత పిల్లలు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, 24 ఏళ్లు వచ్చేదాకా అతను మీ మీద ఆధారపడ్డవాడి కిందే లెక్క. మాస్టర్స్‌లో చేరితే వయసుతో పనిలేకుండా స్వతంత్రుడు.

2. అప్లై చేసే ముందే నెట్ ప్రైస్ చూడండి

ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టి తీరాలన్నది చట్టం. పిల్లలు పదకొండో తరగతిలో ఉండగానే నాలుగైదు కాలేజీలకు అది నింపి చూడండి. ట్యూషన్, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణం అన్నీ కలిపి, ఉచితంగా వచ్చేది తీసేస్తే మిగిలేదే అసలు ధర. దాన్ని నాలుగుతో గుణించండి. ర్యాంకుల గురించి మాట్లాడుకోవడం ఆ తర్వాత.

3. అకౌంట్లు విడివిడిగా తెరవండి

ఫారం అక్టోబర్ 1కల్లా తెరుచుకుంటుంది. దానికి రెండు మూడు వారాల ముందే స్టూడెంట్ఎయిడ్ డాట్ గవ్ సైట్లో విద్యార్థికొకటి, తల్లిదండ్రుల్లో ఒకరికొకటి అకౌంట్ తెరవాలి. ఇద్దరూ కలిపి ట్యాక్స్ ఫైల్ చేస్తుంటే ఒకరు చాలు. విడివిడిగా ఫైల్ చేస్తుంటే ఇద్దరికీ కావాలి. ఫారంలో ఇలా సమాచారం ఇచ్చే ప్రతి ఒక్కరినీ కాంట్రిబ్యూటర్ అంటారు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని తల్లిగానీ తండ్రిగానీ ఆ నంబర్ లేకుండానే అకౌంట్ తెరవొచ్చు. కాకపోతే గుర్తింపు నిర్ధారణకు సమయం పట్టొచ్చు కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉన్నవారికి ఆ కార్డు మీద పేరు ఎలా ఉందో అకౌంట్లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమక మనవాళ్లకు పాస్‌పోర్ట్ నాటి నుంచీ ఉన్నదే.

పిల్లల అకౌంట్ మీరు, మీ అకౌంట్ పిల్లలు తెరవకూడదు. ఆ సంతకానికి చట్టపరమైన విలువ ఉంది.

4. ఫారం నింపడం: ఆదాయం, ఆస్తులు

ఆదాయం రెండేళ్ల కిందటిది చూస్తారు. 2027 ఫాల్‌లో చేరేవాళ్లకు 2025 ట్యాక్స్ రిటర్న్ లెక్క. ఐఆర్ఎస్ నుంచి ఆ అంకెలు నేరుగా ఫారంలోకి వచ్చేలా ప్రతి కాంట్రిబ్యూటర్ అనుమతి ఇవ్వాలి. ఒక్కరు "వద్దు" అన్నా పిల్లవాడికి ఫెడరల్ సాయం మొత్తం ఆగిపోతుంది. తండ్రి ఇండియాలో ఉండి అక్కడే పన్ను కడుతున్నా అనుమతి ఇవ్వాల్సిందే. ఆ ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి చేత్తో నింపాలి.

మనవాళ్లు తడబడేది ఆస్తుల దగ్గర. ఫారం నింపే రోజున ఉన్న విలువ రాయాలి. మీరు ఉంటున్న ఇల్లు రాయక్కర్లేదు. 401కె, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలూ రాయక్కర్లేదు. బీరువాలోని నగలు వ్యక్తిగత వస్తువుల కింద పోతాయి. కానీ కోకాపేటలో కొన్న ఫ్లాటు, శంషాబాద్ వైపు ప్లాటు, ఎన్ఆర్ఐ ఖాతాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నీ పెట్టుబడుల కిందే వస్తాయి. ఆస్తి ఏ దేశంలో ఉందన్నది కాదు ప్రశ్న, ఎవరి పేరున ఉందన్నదే. దాని మీద అప్పుంటే తీసేసి నికర విలువ రాయాలి.

పొలం సంగతి విడిగా చెప్పాలి. 2025 చట్టం కుటుంబ పొలాన్ని, వంద మంది ఉద్యోగులకు మించని చిన్న కుటుంబ వ్యాపారాన్ని 2026-27 ఫారం నుంచి మళ్లీ ఆస్తుల లెక్కలోంచి తీసేసింది. ఇది విని గుంటూరు జిల్లాలోని నాలుగెకరాలూ రాయక్కర్లేదని సంబరపడకండి. కుటుంబం నివసించే పొలానికే ఆ మినహాయింపు. మీరు ప్లేనోలో ఉంటే అది మీ పేరున ఉన్న పెట్టుబడి. తాతగారి పేరున ఉంటే మాత్రం మీ ఫారంలోకి రాదు.

తల్లిదండ్రుల ఆస్తుల్లో ఏటా గరిష్ఠంగా 5.64 శాతం కాలేజీకి పెట్టగలరని సూత్రం అనుకుంటుంది. అదే సొమ్ము పిల్లల సొంత పేరున ఉంటే 20 శాతం. అందుకే పిల్లల పేరున పెట్టుబడి ఖాతా తెరిచే ముందు 529 ప్లాన్ (చదువు కోసం దాచే, పన్ను రాయితీ ఉన్న ఖాతా) గురించి ఆలోచించడం మేలు. 529 తల్లిదండ్రుల ఆస్తి కిందే లెక్క.

ఒకే ఫారం 20 కాలేజీలకు పంపొచ్చు. ఫెడరల్ గడువు ఆ విద్యాసంవత్సరం ముగిసే జూన్ 30 దాకా ఉంటుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. రాష్ట్రాల గడువులు, కాలేజీల గడువులు చాలా ముందుంటాయి. కొన్ని ప్రైవేటు కాలేజీలు దీనికి అదనంగా సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఫారం కూడా అడుగుతాయి. అందులో మీరుంటున్న ఇంటి విలువ కూడా అడుగుతారు, ఫీజు కూడా ఉంటుంది.

5. ఎస్ఏఐ అంటే కట్టాల్సిన బిల్లు కాదు

ఫారం పంపాక ఎస్ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్) అనే అంకె వస్తుంది. మీకు ఎంత సాయం అవసరమో కాలేజీలు లెక్కవేసేది దీంతోనే. మైనస్ 1,500 నుంచి ఎంతవరకైనా ఉండొచ్చు. సున్నా, అంతకన్నా తక్కువైతే పెల్ గ్రాంట్ పూర్తిగా వస్తుంది. 2025-26లో ఆ గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. కొత్త చట్టం ప్రకారం ఎస్ఏఐ దీనికి రెట్టింపు, అంటే 14,790 తాకితే పెల్ లేనట్టే. ఒకప్పుడు ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఈ అంకెను సగం చేసేవారు. 2024-25 నుంచి ఆ సౌకర్యం తీసేశారు. కవలలున్న ఇళ్లకు ఇది గట్టి దెబ్బ. ఫెడరల్ సూత్రం పట్టించుకోకపోయినా కొన్ని కాలేజీలు తమ సొంత గ్రాంట్‌లో దీన్ని చూస్తాయి కాబట్టి నోరు తెరిచి అడగండి.

6. అవార్డ్ లెటర్ విప్పి చదవండి

ఏ సాయం ఎంతిస్తామో చెబుతూ కాలేజీ మార్చి, ఏప్రిల్‌లో పంపే ఈ ఉత్తరాన్ని కాగితం మీద రెండు భాగాలు చేసి రాసుకోవాలి. ఒక ఊహా ఉదాహరణ చూడండి. ఏడాది మొత్తం ఖర్చు 38,000 డాలర్లు. కాలేజీ గ్రాంట్ 6,000. ఫెడరల్ లోన్ 5,500. వర్క్ స్టడీ 2,500. పేరెంట్ ప్లస్ లోన్ (తల్లిదండ్రుల పేరున ఇచ్చే ఫెడరల్ అప్పు) 20,000. అన్నీ కలిపి "మీకు 34,000 సాయం, మీరు కట్టేది 4,000" అన్నట్టుగా ఉత్తరం ఉంటుంది. ఇంట్లో పండగ వాతావరణం, వాట్సాప్‌లో కంగ్రాట్స్.

ఇప్పుడు విప్పండి. తిరిగి ఇవ్వక్కర్లేనిది ఆ 6,000 ఒక్కటే. వర్క్ స్టడీ అంటే పిల్లవాడు క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకోవాల్సిన జీతం, ఫీజులోంచి ముందే తగ్గదు. మిగతాది అప్పు. అసలు ధర 32,000. పక్క రాష్ట్రంలోని "పెద్ద" కాలేజీ ఇది, సొంత రాష్ట్రంలోని యూనివర్సిటీ 24,000 అయితే నాలుగేళ్లకు తేడా 32,000 డాలర్లు. ఆ తేడాకు తగ్గది అక్కడ ఏముందో మీరే తేల్చుకోండి. నాకైతే కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి చాలాసార్లు కనపడదు.

7. ఉద్యోగం పోతే ఊరుకోకండి

లెక్క రెండేళ్ల కిందటి ఆదాయం మీద కాబట్టి, నిరుడు లేఆఫ్ అయినవారికీ ఫారం మంచి జీతమే చూపిస్తుంది. అలాంటప్పుడు కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌కు ప్రొఫెషనల్ జడ్జిమెంట్ కోరుతూ రాయాలి. ఉద్యోగం పోయినట్టు కంపెనీ ఇచ్చిన ఉత్తరం, చివరి పే స్టబ్, భారీ వైద్య ఖర్చులుంటే బిల్లులు జతచేయండి. కథ కుదించి కాగితాలు ఎక్కువ పెట్టండి. నిర్ణయం కాలేజీదే, దాని మీద ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కు అప్పీలు లేదు. పది కాలేజీలకు అప్లై చేసి ఉంటే, సీటొచ్చి చేరే ఆలోచన ఉన్న ప్రతిచోటా విడిగా అడగాలి.

8. లోన్ వరుస

ఆధారపడ్డ అండర్‌గ్రాడ్ విద్యార్థికి ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, మూడు, నాలుగో ఏడాదుల్లో 7,500 చొప్పున దొరుకుతుంది. మొత్తం 27,000. ఆర్థిక అవసరం ఉన్నవారికి ఇందులో కొంత సబ్సిడైజ్డ్. అంటే చదువుకునేంత కాలం వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. మిగతాది అన్‌సబ్సిడైజ్డ్. డబ్బు కాలేజీకి చేరిన రోజు నుంచే వడ్డీ మొదలు.

వడ్డీ రేటును ఏటా మే నెలలో జరిగే పదేళ్ల ట్రెజరీ నోట్ల వేలాన్ని బట్టి నిర్ణయిస్తారు. 2025-26లో అండర్‌గ్రాడ్‌కు 6.39 శాతం, గ్రాడ్యుయేట్‌కు 7.94, పేరెంట్ ప్లస్‌కు 8.94. ఏ ఏడాది తీసుకున్న లోన్‌కు ఆ ఏడాది రేటే చివరిదాకా ఉంటుంది.

పిల్లల లోన్ ముందని నేను పట్టుబట్టేది ఇందుకే. రేటు రెండున్నర శాతం తక్కువ. మొదట్లో కోసే ఫీజు విద్యార్థి లోన్‌కు 1.057 శాతమైతే పేరెంట్ ప్లస్‌కు 4.228. అంటే 20,000 అప్పు చేస్తే దాదాపు 846 డాలర్లు చేతికి రాకుండానే పోతాయి. పైగా ఆదాయాన్ని బట్టి కట్టే వెసులుబాటు విద్యార్థి లోన్‌కు ఉంది, కొత్త పేరెంట్ ప్లస్‌కు లేదు. పేరెంట్ ప్లస్ తీసుకుని "ఉద్యోగం వచ్చాక వాడే కడతాడులే" అనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, చట్టం దృష్టిలో ఆ అప్పు పూర్తిగా తల్లిదండ్రులదే. పిల్లల పేరుకు మార్చే ఏర్పాటు ఫెడరల్ వ్యవస్థలో లేదు. పిల్లలకు సాయం చేయాలనుకుంటే వాళ్ల పేరు మీదే లోన్ తీసుకోనిచ్చి, తర్వాత మీరు కట్టండి. ఎవరు కట్టినా ఎవరూ ఏమనరు.

హెచ్-1బీ తల్లిదండ్రులకు ఒక ముఖ్య విషయం. పేరెంట్ ప్లస్ తీసుకోవాలంటే తల్లిగానీ తండ్రిగానీ సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ లాంటి హోదా ఉన్నవారై ఉండాలి. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకు రాదు. కానీ తల్లిదండ్రులు ఆ హోదా లేక ప్లస్ తీసుకోలేకపోతున్నారని ఎయిడ్ ఆఫీస్‌కు ఆధారం చూపిస్తే, వాళ్లు ఒప్పుకుంటే, విద్యార్థికే అదనంగా అన్‌సబ్సిడైజ్డ్ లోన్ ఇవ్వొచ్చు. మొదటి రెండేళ్లు ఏటా 4,000, ఆ తర్వాత ఏటా 5,000 దాకా. దీన్ని ఎవరూ పిలిచి చెప్పరు, అడిగితేనే. ప్రైవేటు బ్యాంకు దగ్గర పన్నెండు శాతానికి సంతకం పెట్టే ముందు ఈ ఈమెయిల్ ఒకటి రాయండి.

9. 2026 జూలై 1 తర్వాతి పరిమితులు

పేరెంట్ ప్లస్ ఒక్కో విద్యార్థికి ఏటా 20,000, మొత్తం 65,000 డాలర్లకు మించదు. ఇంతకుముందు ఖర్చు ఎంతైతే అంతా ఇచ్చేవారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి మూడేళ్లు ఇరవై వేల చొప్పున వాడేస్తే నాలుగో ఏటికి మిగిలేది ఐదు వేలే. డిగ్రీ చివరి ఏట డబ్బుకు వెతుక్కోవాల్సి రావడం కన్నా ఘోరం లేదు. అందుకే ఏడాదికి 16,000 దగ్గర ఆపి లెక్క వేసుకోండి. అది చాలకపోతే ఆ కాలేజీ మీ బడ్జెట్‌కు అందదన్నమాట.

పై చదువుల విద్యార్థులకు ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ కొత్తవారికి ఆగిపోతుంది. ఎంఎస్, ఎంబీఏ లాంటివాటికి ఏటా 20,500, మొత్తం లక్ష డాలర్లు. మెడిసిన్, డెంటల్, లా వంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఏటా 50,000, మొత్తం రెండు లక్షలు. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ట్యూషన్ ఒక్కటే ఏటా 60,000 దాటినవి ఉన్నాయి. తిండి, అద్దె ఆపైన. డాక్టర్ని చేయాలనుకునే ఇళ్లు అండర్‌గ్రాడ్ మీద పెట్టే ఖర్చును ఈ కోణంలో తూచుకోవాలి. నాలుగేళ్లు సొంత రాష్ట్ర యూనివర్సిటీలో చదివించి ఆ డబ్బు మెడికల్ స్కూలుకు దాచడం తెలివైన పని. 2026 జూలై 1కి ముందే కోర్సులో చేరి ఫెడరల్ లోన్ తీసుకున్నవారికి పాత పరిమితులు మూడేళ్లు గానీ, కోర్సు ముగిసేదాకా గానీ, ఏది తక్కువైతే అది కొనసాగుతాయి.

10. తిరిగి కట్టడం

చదువు ముగిశాక ఆరు నెలలు గడువు. కొత్త లోన్లకు రెండే దారులు. ఒకటి స్టాండర్డ్ ప్లాన్. అప్పు 25,000 లోపుంటే పదేళ్లు, 50,000 లోపు పదిహేను, లక్ష లోపు ఇరవై, ఆపైన ఇరవై ఐదు. 27,000 అప్పును 6.39 శాతం మీద తీసుకుంటే పదిహేనేళ్లకు నెలకు సుమారు 234 డాలర్లు, మొత్తం దాదాపు 42,000. అదే పదేళ్లలో తీర్చేట్టు నెలకు 305 కడితే 36,600 దగ్గర తేలిపోతుంది. ముందే కడితే జరిమానా ఏమీ లేదు. ఎక్కువ కట్టినప్పుడల్లా ఆ అదనం వడ్డీ ఎక్కువున్న లోన్‌కు వెళ్లాలని సర్వీసర్‌కు (కిస్తీలు వసూలు చేసే కంపెనీకి) చెప్పి పెట్టండి.

రెండోది ఆర్ఏపీ, అంటే ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్. ఆదాయం పదివేలు పెరిగినకొద్దీ ఒక్కో శాతం చొప్పున, ఒకటి నుంచి పది శాతం దాకా కట్టాలి. ఏడాదికి 65,000 సంపాదిస్తే ఆరు శాతం, నెలకు 325 డాలర్లు. ఆధారపడ్డ పిల్లలుంటే తలకు 50 తగ్గుతుంది. ఎంత తక్కువైనా నెలకు 10 కట్టాలి. మీ కిస్తీ వడ్డీకి చాలకపోతే మిగిలిన వడ్డీ మాఫీ. ముప్ఫై ఏళ్లు కట్టాక మిగిలింది రద్దు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆదాయం 70,000 గీత దాటగానే మొత్తం ఆదాయం మీద ఏడు శాతం పడుతుంది, దాటిన భాగం మీద మాత్రమే కాదు. నెలకు 350 కాస్తా 408 అవుతుంది. గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు 401కెలో కొంచెం ఎక్కువ వేస్తే లెక్కలోకి వచ్చే ఆదాయం తగ్గుతుంది.

ప్రభుత్వ ఉద్యోగంలో, లాభాపేక్ష లేని ఆసుపత్రిలో, స్కూల్లో పనిచేసేవారికి పీఎస్ఎల్ఎఫ్ (పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్గివ్‌నెస్) అనే మాఫీ పథకం ఉంది. అర్హమైన ప్లాన్‌లో 120 కిస్తీలు కట్టాక మిగతా అప్పు రద్దు. అలాంటి ఆసుపత్రిలో చేసే రెసిడెన్సీ ఏళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. మన డాక్టర్ పిల్లలు ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఇది. యజమాని ధ్రువీకరణ ఏటా పంపుతూ ఉండాలి, పదేళ్ల తర్వాత ఒకేసారి కాగితాల కోసం తిరగడం నరకం.

ఇవేవీ కాకుండా ఎప్పుడో ఒకరోజు ప్రభుత్వం అందరి అప్పూ మాఫీ చేస్తుందని కూర్చోవద్దు. 10,000 నుంచి 20,000 దాకా మాఫీ చేయాలన్న బైడెన్ పథకాన్ని సుప్రీంకోర్టు 2023 జూన్ 30న 6-3తో కొట్టేసింది. ఆ తర్వాత తెచ్చిన, ఆదాయాన్ని బట్టి కట్టే సేవ్ ప్లాన్ కూడా కోర్టుల్లోనే చిక్కుకుపోయింది.

270 రోజులు కట్టకపోతే లోన్ డిఫాల్ట్ అవుతుంది. అప్పుడు కోర్టుకు వెళ్లకుండానే జీతంలో 15 శాతం దాకా కోయొచ్చు, ట్యాక్స్ రిఫండ్ పట్టుకోవచ్చు. ఇలా డిఫాల్ట్ అయ్యేవాళ్లంతా డబ్బు లేనివాళ్లే కానక్కర్లేదు. పిల్లలు ఫాఫ్సా అకౌంట్‌కు కాలేజీ ఈమెయిల్ ఇచ్చి, డిగ్రీ అయ్యాక ఆ మెయిల్ మూతపడితే సర్వీసర్ ఉత్తరాలు ఎవరికీ చేరవు. గ్రాడ్యుయేషన్ ముందు వారంలోనే సొంత ఈమెయిల్, ఫోన్ నంబర్, కొత్త అడ్రస్ మార్పించి, ఆటోపే పెట్టించండి. ఆటోపేకి పావు శాతం వడ్డీ తగ్గుతుంది కూడా.